బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మనవాళ్లు మౌంట్ రష్‌మోర్, యెల్లోస్టోన్ ట్రిప్ వేసుకున్నప్పుడల్లా దారిలో తగిలే బ్యాడ్‌లాండ్స్ గురించి ఇవే సందేహాలు వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మా మాట మాత్రం ముందే చెప్పేస్తాం: హైవే దిగి, గంటలో నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతే ఈ నేల మీకేమీ చూపించదు. కనీసం ఒక సాయంత్రం, మర్నాడు ఒక తెల్లవారుజాము దీనికి ఇవ్వండి.

## బయలుదేరే ముందు

ఈ పార్కు ఎక్కడుంది? ఎలా చేరుకోవాలి?

సౌత్ డకోటా రాష్ట్రానికి నైరుతి మూలన, ఐ-90 హైవేకి దక్షిణంగా ఉంది. దగ్గరి ఎయిర్‌పోర్టు ర్యాపిడ్ సిటీ. అక్కడి నుంచి పార్కు పక్కనున్న వాల్ అనే ఊరికి కారులో గంట లోపే. డెన్వర్ నుంచి సుమారు 6 గంటలు, మినియాపొలిస్ నుంచి సుమారు 8 గంటలు డ్రైవ్. లోపల బస్సులుండవు, సొంత కారో అద్దె కారో తప్పదు. తూర్పు నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మర్డో ఊరు దాటాక టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. సూర్యోదయానికి అలారం పెట్టుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మట్టిగుట్టలేగా, అంత దూరం వెళ్లి చూడ్డానికి ఏముంది?

ఆ గుట్టల మీద చారలు చారలుగా కనిపించేవి ఒక్కో కాలంలో పేరుకున్న పొరలు. అన్నిటికంటే అడుగున ఉన్న నల్లని పొర పియర్ షేల్. సుమారు 7.5 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న బురద అది. సముద్రం వెనక్కి పోయాక ఆ బురద పైభాగం గాలికీ వానకీ మారి పసుపు నేల అయింది. ఎల్లో మౌండ్స్ వ్యూపాయింట్ దగ్గర కనిపించేది అదే. దాని మీద బూడిద రంగు చాడ్రన్ పొర, ఆపైన ఎరుపు, గోధుమ చారల బ్రూల్ పొర. ఎర్ర చారలన్నీ ఒకప్పటి నేలలే, వాటిలో చెట్ల వేర్ల జాడలు కూడా ఉన్నాయి. ఇంకా పైన పశ్చిమాన అగ్నిపర్వతాలు పేలి వచ్చిపడిన రాకీఫోర్డ్ బూడిద తెల్లగా కనిపిస్తుంది.

పొరలు పేరుకోవడం సుమారు 2.8 కోట్ల ఏళ్ల క్రితం ఆగింది. నదులు వాటిని కోయడం మొదలై 5 లక్షల ఏళ్లే అయింది. ఏడాదికి సుమారు ఒక అంగుళం చొప్పున ఈ గుట్టలు కరిగిపోతున్నాయి. పక్కనే బ్లాక్ హిల్స్‌లో ఉన్న గ్రానైట్‌కి అదే అంగుళం అరగడానికి 10,000 ఏళ్లు పడుతుందని లెక్క. ఇదే వేగంతో సాగితే ఇంకో 5 లక్షల ఏళ్లకి ఇక్కడ గుట్టలుండవు.

ఇక చాలామంది పట్టించుకోనిది గడ్డి. పార్కు మొత్తం సుమారు 2,44,000 ఎకరాలు. అందులో గుట్టలెంత ముఖ్యమో గడ్డి మైదానమూ అంతే ముఖ్యం. బైసన్ అనే అడవి దున్నలు, ఉడుత జాతి ప్రెయిరీ డాగ్స్, వాటిని తినే ఫెరెట్లు, అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ఉత్తర అమెరికాలో ఇలాంటి మైదానాలు చాలావరకు దున్నేసి పొలాలు చేసేశారు. మిగిలిన కొద్దిపాటిలో ఇదొకటి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఒక రాత్రి, రెండు పూటలు చాలు. మధ్యాహ్నం మూడింటికి చేరుకుని, సాయంత్రం జంతువులున్న వైపు, మర్నాడు పొద్దున్నే గుట్టల వైపు చూసుకుంటే ముఖ్యమైనవన్నీ అయిపోతాయి. నడిరోజు ఎండలో గుట్టల రంగులన్నీ వెలిసిపోయినట్టు ఒకే తీరుగా కనిపిస్తాయి, జంతువులు కూడా నీడ చూసుకుని పడుకుంటాయి. పన్నెండింటికి వచ్చి రెండింటికి వెళ్లిపోయేవాళ్లకే "ఏముంది ఇక్కడ" అనిపించేది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే నెలాఖరు నుంచి జూన్ దాకా గడ్డి పచ్చగా ఉంటుంది, బైసన్ పిల్లలు కనిపిస్తాయి. కాకపోతే వానలెక్కువ పడేదీ జూన్‌లోనే. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా చల్లగా, రద్దీ లేకుండా ఉంటుంది. మా ఓటు దీనికే. జులై, ఆగస్టుల్లో 100 ఫారెన్‌హీట్ దాటడం మామూలే, ఉన్నట్టుండి వడగళ్ల వానలూ పడతాయి. ఆగస్టు మొదట్లో స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ జరుగుతుంది, ఆ రోజుల్లో చుట్టుపక్కల హోటల్ గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. చలికాలంలోనూ పార్కు తెరిచే ఉంటుంది గానీ రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంటుంది.

ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, మోకాళ్ల నొప్పులు. వాళ్లు చూడగలరా?

హాయిగా చూడగలరు. వ్యూపాయింట్లు చాలావరకు కారు ఆపిన చోటికి పది అడుగుల్లోనే ఉంటాయి. విండో ట్రైల్, ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రైల్ రానూపోనూ కలిపి చెరో పావు మైలు, మెట్లు లేవు, వీల్‌చైర్ వెళ్తుంది. డోర్ ట్రైల్‌లో మొదటి పావు మైలు చెక్క బాట. అది అయ్యేచోటే గుట్టల మధ్య దృశ్యం తెరుచుకుంటుంది, అక్కడి నుంచి వెనక్కి తిరిగినా ఏమీ కోల్పోరు. క్లిఫ్ షెల్ఫ్‌కి మాత్రం తీసుకెళ్లొద్దు, దూరం అర మైలే అయినా మెట్లున్నాయి. బీపీ, షుగర్ మందులు డిక్కీలో వదిలేయకండి. ఎండలో ఆపిన కారు లోపలి వేడికి ఇన్సులిన్ పాడైపోతుంది.

టికెట్ ఎంత? ముందుగా బుక్ చేసుకోవాలా?

మామూలు కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది, లోపల ఎంతమంది ఉన్నా అంతే. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. లోపలికి వెళ్లడానికి ముందస్తు బుకింగ్ లేదు. గేటు దగ్గర కార్డు సిద్ధంగా పెట్టుకోండి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోవడం మంచిది. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది.

## పార్కుకి చేరాక

రెండు ఎగ్జిట్లున్నాయి, ఏది తీసుకోవాలి?

ఐ-90 మీద ఎగ్జిట్ 131 తూర్పు గేటుకి, ఎగ్జిట్ 110 వాల్ మీదుగా పినకిల్స్ గేటుకి తీసుకెళ్తాయి. రెంటినీ కలిపేదే బ్యాడ్‌లాండ్స్ లూప్ రోడ్డు. ఆగకుండా నడిపితే సుమారు గంట, ఆగుతూ వెళ్తే మూడు నాలుగు గంటలు. సూర్యోదయానికైతే తూర్పు వైపు, గేటు దాటగానే వచ్చే బిగ్ బ్యాడ్‌లాండ్స్ ఓవర్‌లుక్. సూర్యాస్తమయానికైతే పడమటి వైపు పినకిల్స్ ఓవర్‌లుక్. పెట్రోలు లోపల దొరకదు. వాల్‌లోనో ఇంటీరియర్ ఊళ్లోనో నింపుకోండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు మామూలు సెడాన్‌తో వెళ్లొచ్చా?

పొడిగా ఉన్నప్పుడు వెళ్లొచ్చు. అది కంకర రోడ్డు, పినకిల్స్ గేటు దగ్గర మొదలవుతుంది. నెమ్మదిగా నడపాలి, ముందు వెళ్లే కారు లేపే దుమ్ములో ఏమీ కనపడదు కాబట్టి దూరం పాటించాలి. వాన పడిన రోజు మాత్రం వద్దు. అద్దె కారైతే ఒప్పందంలో మట్టి రోడ్ల గురించి ఏముందో చదవండి, కొన్ని కంపెనీలు కంకర రోడ్డు మీద జరిగిన నష్టానికి బీమా ఇవ్వవు.

మ్యాపులో దక్షిణ భాగం కూడా ఉంది. అక్కడికీ వెళ్లొచ్చా?

మొదటిసారి వచ్చేవాళ్లకి ఉత్తర భాగమే సరిపోతుంది. దక్షిణ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లోది, అంటే ఓగ్లాలా లకోటా అనే అమెరికా మూలవాసులకి కేటాయించిన నేల. పార్కు సర్వీసు, అక్కడి గిరిజన ప్రభుత్వం కలిసి చూసుకుంటాయి. 1942లో అమెరికా సైన్యం ఇక్కడి సుమారు 3,40,000 ఎకరాలు తీసుకుని బాంబులేసే సాధనకి వాడుకుంది, కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పేలని గుండ్లు ఇప్పటికీ అక్కడక్కడా నేలలో ఉన్నాయి. లోహపు వస్తువేదైనా కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి రేంజర్లకి చెప్పాలి. చెట్లకి కట్టిన గుడ్డలు, పూజా వస్తువులు కనిపిస్తే తాకొద్దు, ఫొటో తీయొద్దు. మన గుళ్లో ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి. దారి చాలాచోట్ల ప్రైవేటు భూముల్లోంచి పోతుంది, యజమాని అనుమతి కావాలి. ముందు పార్కు ఆఫీసులో అడిగి వెళ్లండి.

## నడకలో

ట్రైల్ వదిలి గుట్టలెక్కొచ్చా? చాలామంది ఎక్కుతున్నారు.

ఎక్కొచ్చు. చాలా పార్కుల్లా కాకుండా ఇక్కడ దారి వదిలి నడవడానికి అనుమతి ఉంది. కానీ ఇది రాయిలా కనిపించే మట్టి. ఎండినప్పుడు పైపొర పగిలి చిన్న చిన్న గుండ్లుగా విడిపోయి ఉంటుంది, ఏటవాలులో కాలు పెట్టగానే అవి కిందకి దొర్లి కాలు జారుతుంది. పట్టుకున్న అంచు చేతిలోకి ఊడి వస్తుంది. ఎక్కడం తేలికే, దిగేటప్పుడే చిక్కుకుపోతారు. దిగే దారి కళ్లకి కనపడకపోతే ఎక్కకండి. గుట్ట అంచున నిలబడి ఫొటో దిగడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే కింద మట్టి కోసుకుపోయి పైన పలచటి పెచ్చు మాత్రమే మిగిలి ఉండొచ్చు, పై నుంచి చూస్తే అది తెలియదు.

నాచ్ ట్రైల్‌లో నిచ్చెన ఉందట, పిల్లలతో వెళ్లొచ్చా?

రానూపోనూ ఒకటిన్నర మైళ్లు. మధ్యలో దుంగల్ని ఉక్కు తాళ్లతో కట్టిన నిచ్చెన ఏటవాలు మీద వేసి ఉంటుంది. ఏడెనిమిదేళ్లు దాటిన, చెప్పిన మాట వినే పిల్లలు ఎక్కగలరు. ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు వెనకాల, దిగేటప్పుడు ముందు ఉండాలి. దిగేటప్పుడు నిచ్చెన వైపు ముఖం పెట్టి దిగాలి. నిచ్చెన తర్వాత వచ్చే సన్నని అంచు బాటే అసలు కష్టం, ఒకవైపు లోయ ఉంటుంది, కంచె ఉండదు. చంకలో పసిపిల్లలున్నా, ఎత్తంటే కళ్లు తిరిగినా వద్దు.

వాన పడితే ఏం చేయాలి?

వెంటనే వెనక్కి తిరగాలి. ఈ మట్టిలో బెంటొనైట్ అనే బంకమన్ను ఉంటుంది, నీళ్లు తగలగానే ఉబ్బి జారుడుగా మారుతుంది. తడిసిన నల్లరేగడి చేలో నడిచినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు: నాలుగు అడుగులు వేసేసరికి చెప్పుకి శేరు మట్టి పట్టుకుని కాలు లేవదు. రెండింటిలోనూ నీళ్లు తాగి ఉబ్బేది ఒకే జాతి బంకమన్ను. నాచ్, సాడిల్ పాస్ లాంటి ఏటవాలు దారులు ఆరేదాకా, అంటే ఒక్కోసారి మర్నాటిదాకా, పనికిరావు. ఉరుము వినపడితే గుట్ట శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద నిలబడకుండా కారులోకి వచ్చేయండి.

నీళ్లు ఎన్ని తీసుకెళ్లాలి? ఫిల్టర్ సరిపోదా?

రెండు గంటల నడకకి మనిషికి కనీసం 2 లీటర్లు. వాగుల్లో నీళ్లు కనిపించినా అందులో సన్నని మట్టి ఎంత కలిసి ఉంటుందంటే ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. బెన్ రైఫెల్ విజిటర్ సెంటర్ దగ్గర సీసాలు నింపుకోండి. దారుల్లో నీడ దాదాపు ఉండదు, అంచున్న టోపీ, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. గడ్డిలో నాగజెముడు జాతి ముళ్లుంటాయి, శాండల్స్‌తో వెళ్తే నేరుగా కాల్లో దిగుతాయి.

## జంతువుల గురించి

బైసన్ ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తాయి?

సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు వెంట, పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత. ఇక్కడ పూర్తిగా అంతరించిపోయిన వీటిని 1963లో మళ్లీ తెచ్చి వదిలారు, ఇప్పుడు మంద వెయ్యికి పైనే ఉంది. ఒక్కోసారి అన్నీ రోడ్డుకి దూరంగా వెళ్లిపోతాయి, బైనాక్యులర్స్ ఉంటే నిరాశపడరు. ఒంటరిగా తిరిగేవి సాధారణంగా ముసలి మగవి. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లలు నారింజ రంగులో ఉంటాయి. బిగ్‌హార్న్ గొర్రెల కోసం పినకిల్స్ ఓవర్‌లుక్ చుట్టుపక్కల గుట్టల అంచులు ఓపిగ్గా వెతకండి, మట్టి రంగులో కలిసిపోయి కదిలేదాకా కనపడవు.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు? శాంతంగా గడ్డి మేస్తున్నాయి కదా.

కనీసం 100 గజాలు దూరం ఉండండి. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు జంతువుకి అడ్డం పెట్టి చూడండి. వేలి వెనక జంతువు మొత్తం దాగకపోతే మీరు మరీ దగ్గరున్నట్టే. మగ బైసన్ బరువు 900 కిలోల దాకా ఉంటుంది, గంటకి 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుంది. మన ఊరి గేదెల్లా అదిలిస్తే పోయేవి కావు. తోక పైకి లేపడం, గిట్టతో నేల గీకడం, తల ఆడిస్తూ బుసకొట్టడం కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి నడవండి. జులై, ఆగస్టు జతకట్టే కాలం, మగవి ఆ రెండు నెలలూ మరీ చిరాగ్గా ఉంటాయి.

మంద రోడ్డుకి అడ్డంగా నిలబడితే?

కారు ఆపి, అద్దాలు ఎత్తి, లోపలే కూర్చోండి. హారన్ కొట్టొద్దు, మధ్యలోంచి దూరిపోవాలని చూడొద్దు. తల్లికీ పిల్లకీ మధ్య కారు వస్తే డోరు సొట్టలు పడతాయి. పది నిమిషాలో అరగంటో పడుతుంది, అవే కదిలిపోతాయి.

ప్రెయిరీ డాగ్స్‌కి పిల్లలు చిప్స్ వేస్తామంటున్నారు, వేయొచ్చా?

వద్దు. పేరులో డాగ్ ఉన్నా ఇవి ఉడుత జాతివి, గడ్డి తిని బతుకుతాయి. ఉప్పు, నూనె వాటి కడుపుకి పడవు, పైగా కరుస్తాయి. వాటి ఒంటి మీద ఉండే ఫ్లీస్ అనే రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా ప్లేగు రావచ్చు, కాబట్టి బొరియల దగ్గర కూర్చోవడం, చెయ్యి పెట్టడం వద్దు. రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ దగ్గర కారు పక్కన కదలకుండా పది నిమిషాలు నిలబడండి. మొదట ఒకటి అరిచి అన్నిటినీ హెచ్చరిస్తుంది, కాసేపటికి మీరు ప్రమాదం కాదని తేలాక మళ్లీ మేతకి వస్తాయి. వాటి పాత బొరియల్లో కాపురముండే చిన్న గుడ్లగూబలు వేసవిలో మట్టి దిబ్బల మీద నిలబడి కనిపిస్తాయి.

బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్ ఇక్కడ ఉందట, చూడగలమా?

దాదాపు అసాధ్యం, కానీ దాని కథ తెలుసుకుని మైదానం చూస్తే చూపే మారిపోతుంది. ముంగిసంత ఉండే ఈ జంతువు తిండి దాదాపుగా ప్రెయిరీ డాగ్సే, ఉండేదీ వాటి బొరియల్లోనే. పశువుల మేత తినేస్తున్నాయని రైతులు, ప్రభుత్వం కలిసి ప్రెయిరీ డాగ్స్‌కి విషం పెట్టడంతో ఇవీ పోయాయి. పూర్తిగా అంతరించాయనుకున్న సమయంలో 1981లో వయోమింగ్‌లోని మిటీట్సీ దగ్గర ఒక పెంపుడు కుక్క ఒకదాన్ని పట్టి తెచ్చింది. అక్కడి గుంపు కూడా రోగాలతో కుప్పకూలుతుంటే 1987 నాటికి మిగిలిన 18 జంతువుల్నీ పట్టి సంరక్షణ కేంద్రాల్లో పెంచారు. 1994 నుంచి వాటి సంతానాన్ని ఈ ప్రాంతంలో వదలడం మొదలుపెట్టారు.

2008లో పక్కనే ఉన్న కొనాటా బేసిన్‌కి ప్లేగు వచ్చింది. అప్పటి నుంచీ బొరియల్లో ఫ్లీస్‌ని చంపే మందు చల్లుతూ, ఫెరెట్లని పట్టి టీకాలేస్తూ కాపాడుకొస్తున్నారు. ఇవి రాత్రి తిరిగేవి, వెలుగు పడితే కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. లెక్కపెట్టే పని శాస్త్రవేత్తలది. మీరు మాత్రం టార్చిలేసి వెతకకండి.

పాములున్నాయా? కరిస్తే ఏం చేయాలి?

ఇక్కడ విషమున్న పాము ఒక్కటే, ప్రెయిరీ ర్యాటిల్ స్నేక్. చూడకుండా రాతి పగుళ్లలో, గడ్డి దుబ్బుల్లో చెయ్యి కాలు పెట్టకపోతే చాలావరకు ప్రమాదం ఉండదు. గిలక చప్పుడు వినపడితే ఆగి, పాము ఎక్కడుందో చూసుకుని, నెమ్మదిగా దూరం జరగండి. కరిస్తే ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 911కి ఫోన్ చేయండి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయొద్దు.

## శిలాజాలు

డైనోసార్ ఎముకలు చూడొచ్చా?

ఇక్కడ దొరికేవి డైనోసార్లు కావు. అడుగు పొరలో సముద్ర జీవులు, అంటే మోసాసార్ లాంటి భారీ సరీసృపాలు, అమ్మోనైట్ గవ్వలు దొరుకుతాయి. పై పొరల్లో డైనోసార్లు పోయాక వచ్చిన క్షీరదాలు: ఖడ్గమృగం బంధువులు, గొర్రెంత ఉండే ఒరియోడాంట్లు, పిల్లిలా కనిపించే, కత్తి కోరల నిమ్రావిడ్లు. వేసవిలో బెన్ రైఫెల్ సెంటర్‌లో శిలాజాల ల్యాబ్ తెరిచి ఉంటుంది. ఎముక చుట్టూ ఉన్న మట్టిని సన్నని పనిముట్లతో రేణువు రేణువుగా తీసే పని ఎదురుగా నిలబడి చూడొచ్చు, ప్రశ్నలు అడగొచ్చు. పిల్లలుంటే దీనికి గంట కేటాయించండి, జూనియర్ రేంజర్ పుస్తకం కూడా అక్కడే తీసుకోండి.

నడుస్తుంటే ఎముక లాంటిది కనిపించింది. తీసుకోవచ్చా?

తీయొద్దు, కదపొద్దు, చట్టరీత్యా నేరం. ఏ పొరలో, ఎలా పడి ఉందనేదే శాస్త్రానికి కావలసిన సమాచారం, చేతిలోకి తీసుకున్న క్షణంలో అది పోతుంది. పక్కన నాణెమో పెన్నో పెట్టి దగ్గర నుంచి ఒకటి, పరిసరాలు తెలిసేలా దూరం నుంచి ఒకటి ఫొటో తీసి, జీపీఎస్ స్థానం రాసుకుని విజిటర్ సెంటర్‌లో చెప్పండి. కోత ఆగదు కాబట్టి ప్రతి వానకీ కొత్త ఎముకలు బయటపడుతుంటాయి. 2010లో విజిటర్ సెంటర్‌కి దగ్గర్లోనే ఒక ఏడేళ్ల పాప నిమ్రావిడ్ పుర్రెని చూసి రేంజర్లకి చెప్పింది.

## బస, భోజనం, రాత్రి

క్యాంపింగ్ ఎక్కడ బాగుంటుంది?

కుటుంబంతో అయితే సీడర్ పాస్: 96 స్థలాలు, నీళ్లు, టాయిలెట్లు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. సేజ్ క్రీక్‌లో 22 స్థలాలు, ఉచితం, ముందు వచ్చినవారికే. అక్కడ నీళ్లుండవు, గుంట మరుగుదొడ్లే, బైసన్ గుడారాల మధ్యకి వచ్చేస్తుంటాయి. గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి గుడారం మేకులు పూర్తిగా దిగేసి, తాళ్లన్నీ కట్టండి. నెగడు వేయడం పార్కులో ఎక్కడా కుదరదు, ఎండు గడ్డికి నిప్పంటుకుంటే మైళ్ల కొద్దీ పోతుంది. గ్యాస్ స్టవ్ వాడుకోవచ్చు.

శాకాహారం దొరుకుతుందా?

తక్కువ. సీడర్ పాస్ లాడ్జ్ రెస్టారెంట్ సీజన్‌లోనే ఉంటుంది, వాల్‌లో పిజ్జా, ఫ్రైస్ లాంటివి దొరుకుతాయి. పులిహోర, చపాతీలు కట్టుకుని, పెరుగు ఐస్‌బాక్సులో పెట్టుకుంటే నిశ్చింత. సరుకులు కావాలంటే ర్యాపిడ్ సిటీలోనే కొనుక్కోండి. తిన్నాక మెతుకు కూడా నేల మీద వదలొద్దు.

పాలపుంత కనపడుతుందా?

అమావాస్యకి అటూఇటూ, మబ్బు లేని రాత్రి, మామూలు కంటికే. వేసవి రాత్రుల్లో సీడర్ పాస్ దగ్గర రేంజర్లు టెలిస్కోపులు పెట్టి చూపిస్తారు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఫోన్ తెరవొద్దు. ఎర్ర లైటు వాడుకోవచ్చు.

డ్రోన్, పెంపుడు కుక్క తీసుకెళ్లొచ్చా?

డ్రోన్ ఎగరేయడం నిషేధం. కుక్కని క్యాంపుల్లో, రోడ్ల మీద, పార్కింగ్‌లో ఆరడుగుల పట్టీతో తిప్పొచ్చు, ట్రైల్స్ మీదకి తీసుకెళ్లకూడదు.

## తిరిగి వెళ్లేటప్పుడు

ఇక్కడి నుంచి రష్‌మోర్‌కి ఎంతసేపు? మధ్యలో ఇంకేమైనా చూడొచ్చా?

వాల్ మీదుగా ర్యాపిడ్ సిటీ, అక్కడి నుంచి కీస్టోన్, మొత్తం ఒకటిన్నర నుంచి రెండు గంటలు. ఎగ్జిట్ 131 దగ్గర మినిట్‌మన్ మిస్సైల్ కేంద్రం ఉంది. ప్రచ్ఛన్న యుద్ధంలో అణు క్షిపణుల్ని ఇదే గడ్డి మైదానం కింద దాచి ఉంచారు. ఎగ్జిట్ 116 దగ్గర క్షిపణి గొయ్యిని గాజు కప్పు లోంచి చూడొచ్చు, అరగంట చాలు. మట్టి రోడ్డు మీద తిరిగిన కారైతే అద్దెకిచ్చినవాళ్లకి అప్పగించే ముందు వాల్‌లోనో ర్యాపిడ్ సిటీలోనో చక్రాల లోపలి మట్టి కడిగించండి. ఎండితే గట్టిపడి వదలదు, హైవే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది.